దూకుడు ‘సహజమా’, ‘అలవాటా’?

సందేహం: నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతున్నాను. ఒక బాబు తరచూ తోటి పిల్లల్ని కొడుతున్నాడని ప్రోగ్రెస్ రిపోర్టులో ‘సహజంగా దూకుడు స్వభావం’ అని రాశాను. వాళ్ళమ్మగారు వచ్చి ‘అంటే మావాడు పుట్టుకతోనే రౌడీ అంటారా?’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను ‘మామూలుగా’ అనే అర్థంలో రాశాను. తప్పు రాశానా? స్టాఫ్‌రూమ్‌లో ఒకరు ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అంటే, ఇంకొకరు ‘ఇంట్లో చూసిందే చేస్తారు’ అన్నారు. అసలు ఏ మాట రాయాలి?

సమాధానం: ‘సహజంగా’ అన్న మాటను ‘మామూలుగా’ అనే అర్థంలో వాడటం తప్పు కాదు. ‘సహజంగా ఆయన ఆరింటికల్లా ఇంటికొచ్చేస్తారు’ అంటే ఆ అలవాటు ఆయనకు పుట్టుకతో వచ్చిందని ఎవరూ అనుకోరు. కానీ ఆ తల్లి అర్థం చేసుకున్నదీ తప్పు కాదు, పైగా అదే మొదటి అర్థం. సహ అంటే తోపాటు, జ అంటే పుట్టినది. కర్ణుడివి సహజ కవచకుండలాలు, అంటే ఒంటితోపాటే పుట్టినవి. పోతనగారు తన పేరుకు ముందు ‘సహజపాండిత్య’ అని చేర్చుకున్నారు. ఆ పాండిత్యం ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నది కాదని దాని భావం. పని గురించి చెప్పేటప్పుడు ‘సహజంగా’ అంటే మామూలుగా అని వినపడుతుంది. మనిషి గుణం పక్కన పెడితే మాత్రం పుట్టుక అర్థమే ముందుకొస్తుంది. మీరు దాని పక్కన ‘స్వభావం’ కూడా పెట్టారు కాబట్టి ఆవిడకు ఇంకో అర్థం తోచే అవకాశమే లేకపోయింది.

‘స్వభావం’ ఒక్కటే రాసి ఉంటే కొంత నయం. ‘ఉద్యోగంలో చేరాక అతని స్వభావం మారింది’ అని మనం అంటాం, కాబట్టి అది మారగలిగేదే. ‘నైజం’ అలా కాదు. నైజం మారిందని ఎవరూ అనరు, బయటపడిందంటారు. లోపల దాక్కున్నదేదో ఇప్పుడు కనిపించిందన్న నింద అందులో ఉంది. పిల్లల విషయంలో ఆ మాట దగ్గరికి వెళ్ళనే వద్దు.

పోనీ ‘కొట్టే అలవాటు ఉంది’ అంటే? ఏర్పడు నుంచి ఏర్పాటు వచ్చినట్టే అలవడు నుంచి అలవాటు వచ్చింది. పుట్టాక వచ్చి చేరినదే అలవాటు. వ్యాకరణం బాగానే ఉంది. కానీ ఎక్కడ అలవడిందన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘మా ఇంట్లో నేర్పామంటారా?’ అని ఆ తల్లే మళ్ళీ రావచ్చు.

ఈ రెంటికీ మధ్య మనకు ‘అబ్బు’ అని ఒక మంచి క్రియ ఉంది. ‘వాళ్ళ నాన్న పోలిక అబ్బింది’ అన్నా అబ్బడమే, ‘వాడికి చదువు అబ్బలేదు’ అన్నా అబ్బడమే. రక్తంలో వచ్చిందా, పెంపకంలో వచ్చిందా అని ఆ క్రియ తేల్చదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘ఈ గుంటడికి ఆళ్ళ తాత బుద్దులొచ్చీసినాయి’ అంటారు. తాత రక్తమూ కావచ్చు, తాత చంకలో పెరిగి ఆయన్ని చూసి పట్టుకున్నవీ కావచ్చు. ఆ అస్పష్టత లోపం కాదు. చూసేవాళ్ళకు నిజంగా తెలిసింది అంతవరకే.

ఇక ‘దూకుడు’. దూకు నుంచి వచ్చిన ఈ మాటకు ఇప్పుడు మెప్పు కూడా తోడైంది. 2005లో మన విశాఖలోనే పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు కొట్టాడు. దాన్ని దూకుడు అంటే అది పొగడ్తే. ఎదుటివాణ్ణి గాయపరిచే పనికి ఈ మాట చాలదు. పోనీ అని ‘దౌర్జన్యం’ అంటే అది దుర్జనుడు చేసే పని, పోలీసు ఫిర్యాదులో రాసే మాట. ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది అన్యాయం. ఇలాంటప్పుడు మన పెద్దవాళ్ళు ‘దుడుకు’ అంటారు. తొందర, కాస్త మొండితనం, ముందూ వెనకా చూడకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అచ్చులో దుడుకునూ దూకుడునూ ఒకదాని బదులు ఒకటి వాడేయడం చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

సామెత సంగతి. పుట్టుక, పుడకలు (చితి మీది కట్టెలు) అన్న మాటలు బాగా కలిసొచ్చి ఆ సామెత నాలుక మీద నిలిచిపోయింది. కానీ అది అన్నవాళ్ళే ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అనీ అన్నారు. ఎలుక తోలు ఏడాది ఉతికినా తెల్లబడదన్న వేమనే, తినగ తినగ వేము తియ్యగా ఉంటుందనీ చెప్పాడు. సామెత ఒక సందర్భంలో విసిగిపోయిన మనిషి నోటి నుంచి వస్తుంది. దాన్ని సిద్ధాంతంగా తీసుకుని పిల్లాడి రిపోర్టు రాయకూడదు.

మీ స్టాఫ్‌రూమ్‌లో జరిగిన వాదన శాస్త్రవేత్తల మధ్యా జరిగింది. 1963లో కాన్రాడ్ లోరెంజ్ జంతువులను గమనించి, దాడి చేసే గుణం మనిషికీ పుట్టుకతో వచ్చిందేననీ, లోపల పేరుకుని దారి వెతుక్కుంటుందనీ పుస్తకం రాశాడు. అంతకు రెండేళ్ళ ముందే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శిశువిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పెద్దవాళ్ళు గాలిబొమ్మను సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. 1986లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కలిసిన శాస్త్రవేత్తలు, హింస మనిషి జన్యువుల్లోనే రాసిపెట్టి ఉందనడం శాస్త్రానికి నిలవదని ప్రకటించారు. యునెస్కో ఆ ప్రకటనను 1989లో స్వీకరించింది. జన్యువులకు పాత్ర లేదని దీని అర్థం కాదు. వాటి ప్రభావం పెంపకంతో, పరిసరాలతో ముడిపడి పనిచేస్తుంది.

అన్నిటికంటే మీకు పనికొచ్చేది కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే బృందం చూసిన విషయం. పిల్లలు కొట్టడం, తన్నడం, కొరకడం ఎక్కువగా చేసేది రెండు మూడేళ్ళ వయసులో. ఆ తర్వాత చాలామందిలో అది తగ్గుతూ వస్తుంది. ఎందుకంటే మాటలు వస్తాయి, వంతు కోసం ఆగడం వస్తుంది, పెద్దవాళ్ళు ఆపుతారు. అంటే చాలామంది పిల్లలు పెరుగుతూ నేర్చుకునేది కొట్టకుండా ఉండటాన్ని. కొందరికి ఆ నేర్పు ఆలస్యంగా వస్తుంది, వాళ్ళకు ఎక్కువ సాయం కావాలి.

దానంతటదే వచ్చేదానికీ, మనిషి చేసేదానికీ ఉన్న తేడా తెలుగు వాక్యంలో ఎంత చక్కగా ఉందో చూడండి. ‘వాడికి కోపం వచ్చింది’ అంటాం. అక్కడ కర్త కోపం, వాడు కాదు. అది దానంతటదే వచ్చింది, ఆకలి వచ్చినట్టు. ‘వాడు కొట్టాడు’ అన్నప్పుడు కర్త వాడు. వచ్చేదాన్ని రావద్దని ఎవరూ అనలేరు. చేసేదాన్ని మాత్రం మాన్పించవచ్చు, దాని బదులు ఇంకొకటి నేర్పవచ్చు. ‘కోపిష్టి’, ‘దూకుడు స్వభావం’ అన్నప్పుడు ఈ రెండూ కలిసిపోయి మనిషికే ముద్రగా అంటుకుంటాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కొత్త టీచరు కూడా ఆ ముద్రను బట్టే వాణ్ణి కొలుస్తారు.

అందుకని గుణవాచకాలు వదిలి క్రియలు రాయండి. ‘ఆటల పీరియడ్‌లో కోపం వచ్చినప్పుడు తోటి పిల్లల్ని కొడుతున్నాడు. పిలిచి మాట్లాడితే ఆగుతున్నాడు. వంతు కోసం ఆగడం నేర్పుతున్నాం, ఇంట్లో కూడా సాయపడగలరు’ అంటే చాలు. రెండో వాక్యం మీరు నిజంగా గమనించి ఉంటేనే రాయండి. జాగా తక్కువై ఒక్క ముక్కలోనే రాయాల్సి వస్తే ‘ఈ మధ్య ఆటల్లో దుడుకుగా ఉంటున్నాడు’ అనండి. ‘ఈ మధ్య’ అన్నది తీసేయకండి. ఆ తల్లిగారిని మళ్ళీ పిలిచి, రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి, ఇది రాసి ఇవ్వండి.