చెరువుల యాప్ పెడుతున్నావని విన్నాక

అమ్ములూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి సగం భయపడుతూ, సగం మురిసిపోతూ చెప్పింది. రొయ్యల రైతులకి యాప్ చేస్తున్నావట, చెరువు లెక్కలన్నీ ఫోన్లోనే రాసుకునేలా. సంక్రాంతికల్లా ప్లే స్టోర్‌లో పెట్టేస్తావట. ఆపైన ఉద్యోగం కూడా మానేస్తావట. "నీ లైనే కదా, నువ్వే ఏదో ఒకటి చెప్పవే అక్కా" అంది. లైన్ నాదే. ఇన్నేళ్ళూ హైదరాబాద్‌లో, వేరేవాళ్ళు రాసిన యాప్‌లలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అందుకని నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతున్నాననుకోకు. నాకు గర్వంగానే ఉంది. గర్వంగా ఉన్నప్పుడే నాకు టెన్షన్ ఎక్కువ, కావాలంటే మీ పెదనాన్ననడుగు.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. డెవలపర్ అకౌంట్‌కి గూగుల్‌వాడు ఒక్కసారి 25 డాలర్లు తీసుకుంటాడు, ఆపిల్‌వాడు ఏటా 99. మన గట్ల మీద ఐఫోన్లు ఎన్ని కనిపిస్తాయో నీకే తెలుసు, ముందు ఆండ్రాయిడ్ చాలు. సముద్రం వైపు చెరువుల దగ్గర సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రాసిందంతా ముందు ఫోన్లోనే నిలవాలి, సిగ్నల్ తగిలినప్పుడు సర్వర్‌కి పోవాలి. అంకెలు అడిగేచోట అంకెల కీబోర్డే రావాలి, మేత చేతులతో నొక్కుతారు కాబట్టి బటన్లు పెద్దవిగా ఉండాలి. యాప్‌ని స్టోర్ గుర్తుపట్టే ప్యాకేజీ పేరు మాత్రం ఆలోచించి పెట్టు. ఒకసారి స్టోర్‌లోకి వెళ్ళాక అది మారదు.

ఇక నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి. నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో జరిగింది, పేరెందుకులే. మా యాప్ బాగానే నడుస్తోంది, జనం రోజూ వాడుతున్నారు. ఒకరోజు టీమ్‌లో ఒకబ్బాయి పట్టుకున్నాడు, లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్ ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా ఉన్నదున్నట్టు బయటికి పోతోందని. బస్టాండ్‌లో ఫ్రీ వైఫై పెట్టి కూర్చున్న ఎవడైనా చదివేయచ్చు. సరిచేయడం పెద్ద పనేం కాదు. సరిచేశారు, మేం టెస్ట్ చేశాం, అప్‌లోడ్ చేస్తే ప్లే స్టోర్ తిప్పి కొట్టింది. ఈ ఫైలు మీద ఉన్న సంతకం పాత సంతకంతో కలవడం లేదంది.

ఆ సంతకం చేసేది కీస్టోర్ అనే చిన్న ఫైలు. అది మొదటి రిలీజ్ చేసిన కుర్రాడి లాప్‌టాప్‌లోనే ఉండేది. అతను మానేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. లాప్‌టాప్‌ని శుభ్రంగా ఫార్మాట్ చేసి, అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయికిచ్చారు. మేం నలుగురం వెళ్ళి ఆ టేబుల్ చుట్టూ మూగితే, పాపం ఆ పిల్ల టాలీ మూసేసి, కుర్చీ వెనక్కి జరిపి, తనేదో చేసినట్టు లేచి నిలబడింది. చెరిపేసిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపారు. ఎవరివో పెళ్ళి ఫోటోలు దొరికాయి, సగం సగం ముఖాలతో. కీస్టోర్ మాత్రం లేదు. బెంగళూరు ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ గుర్తుందండీ అన్నాడు ఆ కుర్రాడు. ఫైలే లేనప్పుడు పాస్‌వర్డ్ ఏం చేసుకుంటాం!

ఆ రోజుల్లో కీ పోయిందంటే పోయినట్టే, గూగుల్‌వాడు కూడా చేయగలిగింది లేదు. వేరే ప్యాకేజీ పేరుతో కొత్త యాప్ పెట్టారు. పాతదానికొచ్చిన డౌన్‌లోడ్లు, రేటింగులు, రివ్యూలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. అదైనా నయం. అసలు తలనొప్పి ఏమిటంటే, పాత యాప్ వాడేవాళ్ళకి కొత్తది వేసుకోండి అని చెప్పాలన్నా ఆ యాప్‌లో ఒక్క అక్షరం మార్చలేం. స్టోర్ పేజీలో రాశారు. అప్పటికే యాప్ ఉన్నవాడు ఆ పేజీ ఎందుకు తెరుస్తాడు? ఎస్సెమ్మెస్‌లు పంపారు. ఇదేదో మోసం మెసేజ్ అనుకుని జనం మా కస్టమర్ కేర్‌కే ఫిర్యాదు చేశారు. నెలల తరబడి రెండు యాప్‌లూ నడిచాయి, అన్నాళ్ళూ పాతదాంట్లోంచి పాస్‌వర్డ్‌లు అలాగే బయటికి పోతున్నాయి, మేం చూస్తూ కూర్చున్నాం. చివరికి ఓ రోజు పాత సర్వర్ కట్టేశారు. రివ్యూలకి జవాబులు రాసే పని టెస్టింగ్ వాళ్ళ నెత్తిన పడింది కాబట్టి ఆ తిట్లన్నీ నేనే చదివాను. ఒకాయన తిట్టలేదు. వాళ్ళమ్మగారికి ఈ ఒక్క యాప్ వాడటమే ఎలాగో నేర్పానని, మళ్ళీ మొదటినుంచి ఎలా నేర్పాలని అడిగాడు. ఆయనకేం రాయాలో నాకు తోచలేదు.

ఇప్పుడు రోజులు మారాయిలే. 2017లో ప్లే యాప్ సైనింగ్ వచ్చింది, 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి అది తప్పనిసరి. అసలు కీ గూగుల్ దగ్గరే ఉంటుంది. నీ దగ్గరుండేది అప్‌లోడ్ కీ, అది పోతే అర్జీ పెట్టుకుని కొత్తది తీసుకోవచ్చు. అయినా సరే రెండుచోట్ల దాచు, కోడ్ దాచే గిట్‌హబ్ సైట్‌లో మాత్రం పెట్టకు. ఇప్పుడు నా భయమల్లా ఆ జీమెయిల్ గురించే. డెవలపర్ అకౌంట్ ఏ జీమెయిల్‌తో తెరిచావు? దానికి ఏ ఫోన్ నంబరు ఇచ్చావు? కాలేజీ రోజుల నాటి రెండో సిమ్ అయితే మాత్రం ముందు అది మార్చు. రీచార్జి మానేసిన నంబరుని కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇచ్చేస్తారు, అప్పుడు నీ ఓటీపీ వాళ్ళకి పోతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకో. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి మీ అమ్మ బీరువాలో పెట్టు. ఆ బీరువాలో ఏదీ పోదు, మా పెళ్ళిళ్ళ నాటి శుభలేఖలు కూడా ఉన్నాయి.

తాతయ్య నోటుపుస్తకం నువ్వు చూసి ఉండవు. టైగర్ రొయ్య రోజులవి, రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ ఇంకా మన వైపు రాలేదు. ఆకివీడు దగ్గర చెరువు గట్టు మీద పాకలోనే పడుకునేవాడు. ఇవాళ ఎంత మేత వేసిందీ, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందీ, వల విసిరి చూస్తే ఎంత కౌంట్ వచ్చిందీ (అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయీ), మేత షాపులో బాకీ ఎంతుందీ, అన్నీ రాసేవాడు. కొనే ఏజెంటు గట్టెక్కి వస్తున్నాడంటే చాలు, పుస్తకం మడిచి మేత బస్తాల కింద దూర్చేసేవాడు. మర్నాడే పట్టుబడి పెట్టుకుని రొయ్యలు అమ్మేయాలని ఉన్నా సరే, "తొందరేం లేదండీ, ఇంకా పెరగనిద్దాం" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. చెరువులో జబ్బు మొదలైందనో, బాకీవాళ్ళు మీద పడుతున్నారనో తెలిస్తే ఏజెంటు అక్కడికక్కడే రేటు దించేస్తాడని పెద్దయ్యాకే అర్థమైంది.

నువ్వు అలాంటి పుస్తకాలు ఊళ్ళకి ఊళ్ళవి తెచ్చి ఒక్కచోట పెట్టబోతున్నావమ్మా. ఎవరి చెరువు 50 కౌంట్‌కొచ్చింది, ఎవరు గత్యంతరం లేక 100 కౌంట్‌కే పట్టేస్తున్నారు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ నీ సర్వర్‌లో ఉంటాయి. బేరగాడికి అంతకన్నా ఏం కావాలి?

మీ తరం పిల్లలు డేటా దాచుకునే గూగుల్ సర్వీసు ఫైర్‌బేస్‌ని టెస్ట్ మోడ్‌లో పెట్టి పని మొదలుపెడతారు, నేను చాలాసార్లు చూశాను. ఆ మోడ్‌లో 30 రోజులు ఎవరైనా చదవచ్చు, ఎవరైనా రాయచ్చు. గడువైపోయి యాప్ ఆగిపోగానే కంగారులో ఆ తేదీని ముందుకి జరిపేస్తారు. నువ్వలా చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తంతాను. ఎవరి చెరువు వాళ్ళకే కనిపించాలన్న కట్టుబాటు సర్వర్ దగ్గరే ఉండాలి. యాప్‌లో దాచింది దాగదు. ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలంటే జిప్ ఫైలే, జాడెక్స్ లాంటి టూల్‌తో విప్పితే నీ కోడ్ చాలావరకు చదివేయచ్చు. ఓటీపీలు పంపే సర్వీస్ కీ అందులో రాసి ఉంచావనుకో, నీ ఖర్చుతో ఎవడో ఊరందరికీ మెసేజ్‌లు పంచుతాడు. రిలీజ్‌కి ముందు ఒక పని చెయ్యి, ఏ యాప్ చేతికొచ్చినా నేను మొదట చేసే పని అదే. లాగిన్ అయి, సర్వర్‌కి పోయే రిక్వెస్ట్‌లో చెరువు నంబరు 41 ఉంటే దాన్ని 42 చేసి పంపు. పక్కవాళ్ళ చెరువు తెర మీదికొచ్చిందంటే సంక్రాంతి లేదు, ఉగాది లేదు, రిలీజ్ ఆపేసెయ్.

కాంటాక్ట్స్ అడగకు. లోన్ యాప్‌ల గొడవలో మా వీధిలో ఒకతను అప్పు ఎగ్గొట్టిన దొంగ అని అతని ఫోన్లో నంబరున్న వాళ్ళందరికీ మెసేజ్ వచ్చింది. నాకూ వచ్చింది. ఆ మనిషి ఆ తర్వాత చాలా రోజులు పాల ప్యాకెట్‌కి కూడా తెల్లవారకముందే వెళ్ళొచ్చేవాడు. 2023 మే 31 నుంచి పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు ముట్టుకోకూడదని గూగుల్ కట్టడి చేసింది, కానీ జనానికి ఆ భయం పోలేదు. చెరువు ఎక్కడుందో కావాలంటే మ్యాప్ మీద వేలితో గుర్తు పెట్టించుకో, రోజంతా లొకేషన్ చూడాల్సిన అవసరం నీకేంటి? ఏం తీసుకుంటున్నావో స్టోర్‌లోని డేటా సేఫ్టీ పేజీలో నిజం రాయి. అకౌంట్ తీసేసుకునే బటన్ యాప్‌లోనే ఉండాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం దేనికోసం తీసుకుంటున్నావో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి. అది తెలుగులోనూ చదువుకునేలా ఉండాలి.

మీ అమ్మ ఇంకో మాట అంది, అది విన్నప్పటినుంచీ నాకు నిద్ర లేదు. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే ఫోన్లో అలారం మోగుతుందటగా? నీళ్ళలో డీఓ, అంటే కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రంతా నాచు ఆక్సిజన్ వదలదు, రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. సరిగ్గా ఆ వేళకి ఫోన్ బ్యాటరీ ఆదా పేరుతో నీ యాప్‌ని నిద్రపుచ్చేసి ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లయితే వెనకాల నడిచే యాప్‌లని నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి కూడా అనుమతి అడగాలి, వద్దని నొక్కినవాడికి అసలేమీ రాదు. మీ మావయ్యకి ఇప్పుడు ఏరియేటర్ల చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తుంది. రేపు మేనకోడలు చేసిన యాప్ ఉంది కదా అని ఇంటికెళ్ళి పడుకుంటాడు. ఒక్క రాత్రి మోగకపోతే చెరువంతా తేలిపోతుంది. మొదటి వెర్షన్‌లో ఆ అలారం వద్దు. ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే సర్వర్ నుంచి నేరుగా ఫోన్ కాల్ వెళ్ళేలా పెట్టు, కాపలా మనిషి నంబరుకి కూడా.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్‌కి, యాప్ బయటికి రావాలంటే కనీసం 12 మంది 14 రోజులపాటు ఆగకుండా టెస్టర్లుగా ఉండాలని గూగుల్ నిబంధన. మీ ఆఫీసు స్నేహితుల పేర్లు ఎక్కించేసి చేతులు దులుపుకోకు. గట్ల మీద తిరిగేవాళ్ళని పట్టుకో. కాకపోతే మనవాళ్ళ మర్యాద నీకు తెలిసిందే. ఎలా ఉందండీ అంటే "ఆయ్, బానే ఉందండి" అంటారు, మళ్ళీ జన్మలో తెరవరు. అడగకు, పక్కన కూర్చుని చూడు. మేత లెక్క రాయమని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకో. వేలు ఎక్కడ ఆగిందో అక్కడే నీ యాప్ తప్పు. మావయ్య తన చెరువుల్ని ఒకటి, రెండు అనడు, కాలవ చెరువు, మర్రిచెట్టు చెరువు అంటాడు. నీ యాప్ నంబర్లే అడుగుతుందా?

ప్రచారం గురించి నీకు నాకన్నా బాగా తెలుసు. స్టోర్‌లో పేరుకి 30 అక్షరాలే హద్దు, తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి, చూసుకో. రేటింగులు కొనకు, దొరికిపోతావు. మేత షాపుల్లో కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టించు, సీడ్ (రొయ్యపిల్లలు) తెచ్చే వ్యాన్ల వాళ్ళతో మాట్లాడు. ప్రాణం పోయినా సరే వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపకు. పెళ్ళి శుభలేఖ అని ఏపీకే పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. నీ చేత్తో మనవాళ్ళకి ఆ అలవాటు చేయకు, స్టోర్ లింకే పంపు. అప్‌డేట్ కూడా అందరికీ ఒకేసారి వదలకుండా ముందు కొద్దిమందికి వదిలి చూడు. యాప్ కాస్త పేరు తెచ్చుకోగానే మేత కంపెనీవాళ్ళు వస్తారు, ప్రకటనకి డబ్బులిస్తామంటారు. ప్రకటన వరకూ సరే. ఏ ఊళ్ళో ఎంతమంది ఎంత మేత వాడుతున్నారో చూపించమంటే మాత్రం కాఫీ ఇచ్చి పంపేసెయ్.

ఉద్యోగం సంగతి. ఇప్పుడే మానకు. యాప్ వేసుకున్నవాళ్ళ లెక్క చూసి పొంగిపోకు, వేసుకోవడం తేలికే. సీడ్ వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా ఒక రైతు నీ యాప్‌లో రాసి, రెండో పంటకి నువ్వు గుర్తు చేయకుండానే మళ్ళీ రాయడం మొదలుపెడితే, అప్పుడు రాజీనామా ఇవ్వు. మీ అమ్మకి నేను చెప్తాను. అంతదాకా శని, ఆదివారాలు చాలు, రాత్రి రెండింటిదాకా మేలుకుని కోడ్ రాయకు. నీ కళ్ళు చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే.

ఆ 12 మందిలో నన్నూ వేసుకో. నా ఫోన్ పాతది, తెర ఓ మూల పగిలింది, మెమరీ నిండిపోయిందని రోజూ గొడవ పెడుతుంది. టెస్టింగ్‌కి ఇంతకన్నా మంచి ఫోన్ నీకు హైదరాబాద్ మొత్తం వెతికినా దొరకదు.

మీ పెద్దమ్మ,
పాలకొల్లు