ఖాళీగా ఉన్న హార్డ్ డిస్కులోకి లైనక్స్ బ్యాకప్ ఎలా?

లైనక్స్ ఫైళ్లను వేరే హార్డ్ డిస్కులోకి మామూలుగా కాపీ చేసుకుంటే సరిపోదా అని అడిగారు. ఒక్కసారికైతే సరిపోతుంది. వారం వారం చేయాలంటే ఆర్‌సింక్ వాడండి. 1996లో వచ్చిన ఈ ప్రోగ్రాము మొదటిసారి అన్నీ కాపీ చేసి, తర్వాత మారిన ఫైళ్లనే పంపుతుంది.

ముందు డిస్కును లైనక్స్ సొంత ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి) అయిన ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేయండి (అందులో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి). పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా కనిపించే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫైళ్ల యజమాని, అనుమతుల వివరాలు నిలవవు. ఆర్‌సింక్ కమాండులో మైనస్ ఏ (-a) పెడితే అవీ వెంట వస్తాయి, రూట్‌గా (అన్ని అధికారాలున్న ఖాతాతో) నడిపితే యజమాని పేర్లతో సహా.

చాలామంది తడబడేది స్లాష్ దగ్గర. మూలం ఫోల్డరు పేరు చివర స్లాష్ ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. లేకపోతే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది. డిలీట్ (--delete) ఆప్షన్ మరీ ప్రమాదం: మీరు పొరపాటున చెరిపిన ఫైలును బ్యాకప్‌లోనూ చెరిపేస్తుంది. దానితో మైనస్ ఎన్ (-n), మైనస్ వీ (-v) కూడా చేర్చి నడిపితే ఏదీ మారదు, ఏమేం పోతాయో ముందే తెలుస్తుంది.

లైనక్స్‌లో బ్యాకప్ తీసే మరో ప్రోగ్రాము టైమ్‌షిఫ్ట్ చాలదా అంటే, అది సిస్టమ్ ఫైళ్ల కోసం. హోమ్ ఫోల్డరును మనం చెబితే తప్ప ముట్టుకోదు. ఫొటోలుండేది అక్కడే మరి!

పని కాగానే డిస్కును అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) కేబుల్ తీసేయండి. అప్పుడప్పుడూ అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.