బ్యాడ్జి బయట, మనిషి లోపల: బయటపెడితే రక్షణ ఉందా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా తమ్ముడు ఓ అణు కేంద్రంలో కాంట్రాక్టరు కింద మెయింటెనెన్స్ పని చేస్తున్నాడు. రేడియేషన్ ఉండే చోటికి పోయే ముందు సూపర్‌వైజర్ టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చూపేవి) బయటే పెట్టిస్తున్నాడట. తమ్ముడు ఫోన్‌లో ఫొటోలు తీసిండు, విలేకరికి ఇస్తానంటున్నాడు. విజిల్ బ్లోయర్ చట్టం కాపాడుతుందా?

జవాబు: ముందు ఆ ఫొటోలు ఎవరికీ పంపొద్దని చెప్పండి. చెరపొద్దని కూడా చెప్పండి, లాయరుకు చూపించాలి. అణు కేంద్రం లోపలి ఫొటో పత్రికకు చేరితే అధికార రహస్యాల చట్టం మీదికి రావచ్చు. 1962 అణుశక్తి చట్టంలోనూ, దాని స్థానంలోకి 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టంలోనూ సమాచారం బయటపెట్టడంపై ఆంక్షలున్నాయి. మంచి ఉద్దేశంతో చేశానంటే సరిపోదు.

మీరడిగిన చట్టం 2014లో వచ్చింది, ఇప్పటికీ అమల్లోకి తేలేదు. పన్నెండేళ్లుగా కాగితం మీదే ఉన్న చట్టాన్ని నమ్ముకొని ఉద్యోగం పణం పెట్టమని నేనైతే చెప్పను.

ఉన్నది 2004 నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం, పీఐడీపీఐ అంటారు. ఫిర్యాదు కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు సీల్ వేసిన కవర్‌లో పోవాలి. కవర్ మీద పేరు రాయొద్దు, లోపల ఉత్తరంలో తప్పక ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలను పట్టించుకోరు. పేరు గోప్యంగా ఉంచే బాధ్యత కమిషన్‌ది. అదే ఫిర్యాదును మీ పేరుతో ఇంకో నలుగురికి పంపితే ఆ గోప్యత పోయినట్టే. తమ్ముడి బదులు మీరే పంపవచ్చు కూడా. అయితే ఆ షిఫ్టులో ఐదుగురే ఉంటే, ఎవరు చెప్పారో ఊహించడానికి పేరు అక్కర్లేదు. తేదీలు, షిఫ్టులు ఆలోచించి రాయండి.

అసలు చిక్కు ఇక్కడుంది: ఈ తీర్మానం అవినీతికి, అధికార దుర్వినియోగానికి మాత్రమే. ఒట్టి భద్రతా లోపం దీని కిందికి రాదు. అణు కేంద్రం అధికారి తెలిసీ తప్పుడు డోసు రికార్డు (ఎవరికెంత రేడియేషన్ తగిలిందన్న లెక్క) మీద సంతకం పెట్టి కాంట్రాక్టరు బిల్లు పాస్ చేస్తుంటే వస్తుంది. కాంట్రాక్టరు ఒక్కడే చేస్తుంటే, అతని మీద కమిషన్‌కు నేరుగా పట్టు లేదు.

భద్రత సంగతికి దారి అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, ముంబై. ఇలాంటి కేంద్రాలకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కూడా వాళ్లే, రాష్ట్ర కార్యాలయం చుట్టూ తిరిగి లాభం లేదు. రేడియేషన్ పనివాళ్లకు ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఐదేళ్ల సగటున 20 దాటకూడదన్నది వాళ్ల పరిమితే. బ్యాడ్జి బయట పెట్టించేది ఆ లెక్క తప్పించడానికే. ప్రాణాపాయం ఉందని యాజమాన్యానికి, ఇన్‌స్పెక్టర్‌కు ఒకేసారి చెప్పే హక్కు కార్మికుడికి చట్టంలో ఉంది. రాతపూర్వకంగా చెప్పాలి, ఫొటోలు జతచేయకుండా.

ఆ తర్వాత పనిలోంచి తీసేస్తే? కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గర వివాదం వేయవచ్చు, తేలకపోతే ట్రిబ్యునల్. ఏళ్లు పట్టొచ్చు. కాంట్రాక్టరు మొదటి మాట, 'ఈయన మా దగ్గర పనే చేయలేదు' అని. అందుకే గేట్ పాస్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ నంబరు కాపీలు ఉత్తరం రాయకముందే ఇంటికి తెచ్చి పెట్టుకోమనండి.