ఇసుక, మట్టి, ఇంగ్లీషు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు సివిల్ డిప్లొమాలో ఉన్నాను. 'కంపాక్షన్', 'కన్సాలిడేషన్' రెంటికీ నిఘంటువులో గట్టిపడటమనే అర్థమే కనిపిస్తోంది. పరీక్షలో ప్రతిసారీ తారుమారు చేస్తున్నాను. వీటిని వేరుగా ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: నిఘంటువు కాసేపు మూసేసి మట్టిలోకి చూడండి. మట్టంటే రేణువులు, వాటి మధ్య సందులు. ఆ సందుల్లో కొంత గాలి, కొంత నీరు. గాలిని వెళ్లగొట్టడం కంపాక్షన్. నీరు మెల్లగా బయటికి పోవడం కన్సాలిడేషన్. మొదటిది మనం దిమ్మిసతోనో రోలరుతోనో నిమిషాల్లో చేసే పని. రెండోది భవనం బరువు కింద నెలల తరబడి, బంకమట్టిలోనైతే ఏళ్ల తరబడి జరిగేది. ఒకటి కొట్టడం, ఒకటి కుంగడం. తెలుగులో ఈ రెండు మాటలను మీరెప్పుడూ కలగాపులగం చేయరు కదా!

ఈ తేడా ఇంగ్లీషు వాక్యంలోనూ కనిపిస్తుంది. 'ద రోలర్ కంపాక్ట్స్ ద సాయిల్' అన్నప్పుడు పని చేసే రోలరు కర్త. 'ద క్లే కన్సాలిడేట్స్ అండర్ లోడ్' అన్నప్పుడు మట్టే కర్త. పదాన్ని ఒంటరిగా కాకుండా ఇలా కర్తతో కలిపి రాసుకోండి.

ల్యాబులో ప్రాక్టర్ పరీక్ష చేసే రోజు మరో జంట పదాలు దొరుకుతాయి. 1933లో అమెరికా ఇంజనీరు ఆర్.ఆర్. ప్రాక్టర్ ప్రచురించిన పద్ధతి ఇది. మన ఐఎస్ (భారత ప్రమాణాల) పద్ధతిలో 1000 ఘన సెంటీమీటర్ల మోల్డులో మట్టిని మూడు పొరలుగా వేసి, 2.6 కిలోల రామర్‌ను (దిమ్మిస లాంటి బరువును) 310 మి.మీ. ఎత్తు నుంచి వదులుతూ పొరకు 25 దెబ్బలు వేస్తారు. తేమను రెండేసి శాతం పెంచుతూ మళ్లీ మళ్లీ చేస్తే పొడి సాంద్రత పెరుగుతూ వెళ్లి, ఒకచోట నుంచి దిగడం మొదలెడుతుంది. ఆ శిఖరం దగ్గరి సాంద్రత 'మాగ్జిమమ్', అక్కడి తేమ 'ఆప్టిమమ్'. ఆప్టిమమ్ అంటే అన్నిటికన్నా ఎక్కువ అని కాదు, సరిపడినంత అని. నీరు తక్కువైతే రేణువులు ఒరుసుకుని కదలవు. ఎక్కువైతే సందుల్లో నీరే తిష్ఠ వేస్తుంది, దాన్ని దెబ్బలతో నొక్కలేం. చాలామంది 'మాగ్జిమమ్ మాయిశ్చర్' అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంకో మెలిక కూడా ఉంది. మట్టి శాస్త్రంలో 'వాటర్ కంటెంట్' అంటే నీటి బరువును పొడి మట్టి బరువుతో భాగించడం, మొత్తం బరువుతో కాదు. అందుకే కొన్ని మెత్తటి సముద్రతీర బంకమట్టుల్లో అది 100 శాతం దాటినా తప్పు కాదు.

ప్రశ్న: 'వెల్ గ్రేడెడ్ సాండ్' అంటే మంచి రకం ఇసుక అనుకున్నాను. లెక్చరర్ నవ్వారు. ఎందుకు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: గ్రేడు అనగానే మనకు మార్కులు గుర్తొస్తాయి, అందుకే ఈ చిక్కు. ఇక్కడ గ్రేడింగ్ అంటే రేణువుల సైజుల పంపకం. పెద్దవీ నడిమివీ చిన్నవీ తగు పాళ్లలో ఉంటే 'వెల్ గ్రేడెడ్'. పెద్దవాటి సందుల్లో చిన్నవి కూర్చుంటాయి కాబట్టి గట్టిగా అణుగుతుంది. అన్నీ ఒకే సైజులో ఉన్నా, మధ్య సైజులు లోపించినా 'పూర్లీ గ్రేడెడ్'. పూర్ అన్నారని అది పనికిరానిదేం కాదు, ఒకే సైజు ఇసుకను ఫిల్టర్లకు ఏరికోరి వాడతారు.

తమాషా ఏమిటంటే భూగర్భ శాస్త్రవేత్తలు అదే ఒకే సైజు ఇసుకను 'వెల్ సార్టెడ్' అంటారు. గాలో నీరో ఏరి వేరుచేసి పెట్టిందని వారి లెక్క. అంటే ఇంజనీరు 'పూర్' అన్నదాన్నే జియాలజిస్టు 'వెల్' అంటున్నాడు. పుస్తకం ఏ శాఖదో చూసుకుని చదవండి.

పనిలో పనిగా 'ఫైన్' సంగతీ చెప్పాలి. 'ఫైన్ అగ్రిగేట్' అంటే 4.75 మి.మీ. జల్లెడ నుంచి దాదాపుగా దిగిపోయే ఇసుక. 'ఫైన్స్' అంటే జరిమానాలు కావు, 75 మైక్రాన్ల జల్లెడ నుంచి కూడా దిగిపోయే మెత్తటి పొడి. ఐఎస్ 383 ప్రకారం ఇసుకకు నాలుగు జోన్లు. 600 మైక్రాన్ల జల్లెడ నుంచి 35–59 శాతం దిగితే రెండో జోన్, 60–79 శాతం దిగితే మూడో జోన్. జోన్ అంకె పెరిగేకొద్దీ ఇసుక సన్నబడుతుంది.

ప్రశ్న: పన్నెండేళ్లుగా సైట్ సూపర్‌వైజరును. గల్ఫ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. 'గ్రావెల్' అంటే ఏమిటని అడిగితే 'ఎర్రమట్టి' అన్నాను, స్నేహితుడు తప్పన్నాడు. మా ఊళ్లో అందరూ అలాగే అంటారే!
– సూపర్‌వైజరు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఊళ్లో అది తప్పు కాదు. కోస్తాలో పునాదులు నింపే ఎర్రమట్టి లోడును గ్రావెల్ అనే పిలుస్తారు, తెలంగాణలో అలాంటిదానికి మొరం అంటారు. ఇంటర్వ్యూలో మాత్రం గ్రావెల్ అంటే, మన ఐఎస్ లెక్కలో, 4.75 నుంచి 80 మి.మీ. దాకా ఉండే గులకరాళ్లు. అంతకన్నా సన్నం, 0.075 మి.మీ. దాకా సాండ్, 0.002 దాకా సిల్ట్, దానికన్నా మెత్తటిది క్లే. ఈ హద్దులు నోటికొస్తే సగం ఇంటర్వ్యూ గట్టెక్కినట్టే.

మన సైట్ల మీది మరికొన్ని మాటలు అక్కడ చెల్లవు. 'మెటల్' అంటే వాళ్లకు ఇనుమో రాగో. కంకరకు 'అగ్రిగేట్' లేదా 'క్రష్డ్ స్టోన్' అనండి. 'రోబో సాండ్' మన దగ్గర పుట్టిన పిలుపు, 'క్రష్డ్ సాండ్' అనాలి. 'డస్ట్' అంటే దుమ్మనుకుంటారు, 'క్వారీ డస్ట్' అనండి. అక్కడ మీకు కొత్తగా తగిలేవి 'డ్యూన్ సాండ్', 'వాష్డ్ సాండ్'. డ్యూన్ సాండ్ అంటే ఎడారి దిబ్బల ఇసుక. గాలికి దొర్లి నున్నబడి, సన్నగా దాదాపు ఒకే సైజులో ఉంటుంది. దాన్నొక్కదాన్నే కాంక్రీటులో వేయరు, ముతక క్రష్డ్ సాండుతో కలుపుతారు.

బోర్ రిపోర్టు (నేలలోకి రంధ్రం వేసి చేసిన మట్టి పరీక్ష నివేదిక) చదివేటప్పుడు చివరి మాటే అసలు మట్టి, ముందుది విశేషణం. 'సిల్టీ సాండ్' అంటే ఒండ్రు కలిసిన ఇసుక. 'సాండీ సిల్ట్' అంటే ఇసుక కలిసిన ఒండ్రు. వరస మారితే పునాది లెక్కే మారిపోతుంది.

ప్రశ్న: ఇల్లు కట్టిస్తున్నాం. ఇంజనీరు 'బల్కింగ్', 'సిల్ట్ కంటెంట్' అంటూ ఏదో చెబుతున్నారు. ఇంగ్లీషు అంతగా రాదు. మేమే సరిచూసుకోగలమా?
– గృహిణి, నంద్యాల

జవాబు: తప్పకుండా. గీతలున్న గాజు జాడీ ఒకటి చాలు. 'బల్క్' అంటే పరిమాణం. తడి ఇసుక పొంగి ఎక్కువ చోటు ఆక్రమించడమే బల్కింగ్. రేణువుల చుట్టూ పల్చటి నీటి పొర చేరి వాటిని ఎడంగా నిలబెడుతుంది. తేమ 5–8 శాతం ఉన్నప్పుడు ఈ పొంగు జోరుగా ఉంటుంది. పూర్తిగా నీట మునిగితే పోతుంది. జాడీలో తడి ఇసుకను నొక్కకుండా 200 మి.లీ. గీత దాకా పోసి, వేరే గిన్నెలోకి తీయండి. జాడీలో సగం దాకా నీళ్లు పోసి, ఆ ఇసుకను మెల్లగా అందులో వేసి కలియబెట్టి, పేరుకోనివ్వండి. ఇసుక 160 దగ్గర ఆగితే తేడా 40. దాన్ని 160తో భాగించాలి, 25 శాతం. 200తో భాగించి 20 అనేవాళ్లున్నారు, అది పొరపాటు. ఇసుకను కొలత మీద కొంటే ఈ పొంగుకూ మీరు డబ్బు కడుతున్నట్టే. ఫర్మాతో (కొలత పెట్టెతో) కొలిచి కలిపితే మిశ్రమంలో ఇసుక పాలు తగ్గిపోతుంది. 25 శాతం పొంగు ఉంటే నాలుగు ఫర్మాల చోట ఐదు వేయించాలి.

సిల్ట్ అంటే ఒండ్రు. చెరువుల పూడికతీతను ఇంగ్లీషులో 'డీసిల్టింగ్' అనేది అందుకే. 'డీ' చేరితే తీసేయడమని అర్థం. పరీక్షకు లీటరు నీటిలో 10 గ్రాముల ఉప్పు కలపండి. జాడీలో ఆ నీరు 50 మి.లీ. పోసి, 100 గీత వచ్చేదాకా ఇసుక వేసి, మళ్లీ అదే నీరు 150 దాకా పోయండి. మూత బిగించి బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మెత్తటి పొర తేరుతుంది. ఉప్పు వల్ల మెత్తటి మట్టి ముద్దగట్టి త్వరగా దిగుతుంది. పై పొర మందం కింది ఇసుక మందంలో 8 శాతం దాటితే ఆ ఇసుకను కడిగించండి, లేదా వెనక్కి పంపండి. ఒండ్రు ఎక్కువైతే సిమెంటు ఇసుకను సరిగా పట్టుకోదు, గోడ ప్లాస్టరింగు పగుళ్లిస్తుంది.

ప్రశ్న: 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగిన తర్వాత పత్రికల్లో 'పైపింగ్', 'సీకెంట్ పైల్స్' అని తరచూ చదివాం. పైపింగ్ అంటే పైపులు వేయడమేనా?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కాదు. నీరు కట్టడం కింది నుంచి ఊరడం 'సీపేజ్'. ఆ ఊట దిగువన బయటికొచ్చే చోట ఇసుక రేణువులను వెంట తీసుకుపోతే అక్కడో బొరియ మొదలవుతుంది. అది క్రమంగా ఎగువ వైపు పాకి గొట్టంలా తయారవుతుంది. అదే పైపింగ్. ఊటలో తేటనీరు వస్తుంటే సీపేజ్, ఇసుకతో బురదగా వస్తుంటే అనుమానించాలి.

'సీకెంట్' మీరు జ్యామితిలో చూసినదే, ఖండించే రేఖ. పక్కపక్క పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) ఒకదాన్నొకటి కోసుకుంటూ దిగి, సందులేని గోడగా నిలుస్తాయి. అడుగు నుంచి వెళ్లే నీటికి దారిని పొడిగించడం ఆ గోడ పని.

ప్రశ్న: 'సీవ్' అన్నానని తరగతిలో నవ్వారు. జల్లెడను ఏమని పలకాలి?
– విద్యార్థి, ఒంగోలు

జవాబు: 'సివ్', పొట్టిగా. అలాగే 'గేజ్', 'గాజ్' కాదు. శిథిలాలకు వాడే మాట 'డెబ్రీ', చివర 'స్' పలకదు. బంకమట్టి లాంటిది అనడానికి 'క్లేయీ'. రాసేటప్పుడు 'క్లే' స్పెల్లింగుకు 'ఇ', 'వై' అనే రెండు అక్షరాలు చేరతాయి.