చేతి మీద పాలిపోయిన మచ్చ: ఫోన్ యాప్ మాట నమ్మొచ్చా?

గుణుపురం నుంచి మీరు రాసింది చదివాను. ముంజేతి మీద నాలుగు నెలలుగా పాలిపోయిన మచ్చ, దురద లేదు, ఫోటో పెడితే యాప్ శోభి అంది, మందుల షాపులో ట్యూబు కొనుక్కోవచ్చా అని అడిగారు. కొనకండి. ముందు మీరు కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా దూది పోగుతో ఆ మచ్చ మీద ఒకసారి, పక్కన మామూలు చర్మం మీద ఒకసారి తాకమనండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తెలిసినా సరే, నాలుగు నెలల మచ్చని చూపించుకోవాల్సిందే.

మాది పర్లాకిమిడి. మూడేళ్ళ క్రితం మా మావయ్యకి ఇలాంటి మచ్చే వచ్చింది. ఆయన జీడితోటల్లో పని చేస్తారు, జీడి రసం తగిలి చేతులు పొక్కడం మా వైపు మామూలే కాబట్టి అదే అనుకున్నాం. తగ్గకపోతే నేనే ఫోటో తీసి యాప్‌లో పెట్టాను, శోభి అంది, ట్యూబు కూడా నేనే తెచ్చిచ్చాను. ఐదు నెలలు రాశారు. ఒకరోజు అత్త గంజి వారుస్తుంటే ఆయన చేతి మీద ఒలికి బొబ్బ లేచింది, ఆయనకి తెలియనే లేదు. అది చూసి నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

చర్మం డాక్టరు ముందు దూదితో తాకి చూశారు, మోచేయి వెనక నరాన్ని వేళ్ళతో తడిమి లావెక్కిందన్నారు. ఆ తర్వాతే డెర్మటోస్కోప్ తీశారు. అది చర్మాన్ని పదింతలు పెద్దది చేసి చూపిస్తుంది, మచ్చ ఉన్న చోట వెంట్రుకలు, చెమట రంధ్రాలు తగ్గిపోయినట్టు మాకూ చూపించారు. చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి, అక్కడ గీకి తీసింది పరీక్షకి పంపారు (దీన్ని స్మియర్ అంటారు), మచ్చ నుంచి చిన్న ముక్క (బయాప్సీ) తీశారు. కుష్టు అని తేలింది.

యాప్ అబద్ధం చెప్పిందని నేను అనను, దానికి ఫోటో తప్ప ఇంకేమీ అందదు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 1,29,450 ఫోటోలతో కంప్యూటర్‌కి నేర్పించి, చర్మ క్యాన్సర్ గుర్తించడంలో అది డాక్టర్లతో సమానంగా ఉందని చూపించారు, అది నిజంగా గొప్ప పని. కానీ ఇలాంటి వాటికి ఎక్కువగా తెల్ల చర్మం ఫోటోలతోనే నేర్పారు, నల్ల చర్మం మీద గురి తగ్గుతుందని తర్వాత పరీక్షల్లో బయటపడింది. మన చర్మం ఏ రంగో మీకు తెలుసు. పైగా స్పర్శ పోయిందా, నరం లావెక్కిందా అనేవి ఫోటోలో కనిపించవు.

శోభే అయితే తేల్చడం తేలిక: పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే మైక్రోస్కోప్ కింద ఫంగస్ కనిపిస్తుంది, వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో కొన్నిసార్లు పసుపుగా మెరుస్తుంది.

బరంపురం పెద్దాసుపత్రి దాకా వెళ్ళడం కష్టమైతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ-సంజీవని గురించి అడగండి. 2019లో మొదలైంది, అక్కడి నుంచే వీడియోలో పెద్ద డాక్టరుతో మాట్లాడిస్తారు. అందులో నాకు నచ్చేది, ఇవతల మీ చేతిని తాకి చూసి చెప్పే మనిషి ఒకరు ఉంటారు.

ఒకవేళ కుష్టే అయినా టెన్షన్ పడకండి, దాచుకోకండి. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, మావయ్య రక్తమనుకుని హడలిపోయారు, అది మందు రంగే. ఆయన వేళ్ళు బాగున్నాయి, ఇప్పుడూ తోటకి వెళ్తున్నారు. మచ్చ మీద స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు, ఆ ఐదు నెలలూ నేను ట్యూబులు తేకుండా ఉంటే వచ్చేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెళ్ళేటప్పుడు ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబు కూడా పట్టుకెళ్ళండి. అందులో స్టెరాయిడ్ ఉంటే మచ్చ రూపమే మారిపోతుంది, డాక్టరుకి ఆ సంగతి ముందే తెలియాలి.