మగ్గం పెడుతున్నావట

చిన్నీ,

ఉద్యోగం మానేసి ఇంట్లోనే మగ్గం వర్క్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి మనసు నిలవలేదు. గర్వంగానూ ఉంది, గుండెల్లో రాయీ పడింది. తాతయ్య ఉంటే నాలుగు తిట్టేవాడు. ఆ బాధ్యత నాకు వచ్చింది.

చట్రం బిగువుగా కట్టు, అడ్వాన్స్ తీసుకోకుండా సూది పట్టకు. ఇక చమ్కీల సంగతి.

బేగంబజార్‌కి వెళ్ళి ఉత్త "చమ్కీలు" అని అడిగితే మిగిలిపోయిన సరుకు అంటగడతారు. రకం చెప్పి అడుగు. సాదా అంటే బల్లపరుపుగా ఉండేది. కటోరీ గిన్నెలా లోతుగా ఉంటుంది, కప్ అన్నా అదే. దాని పలకల వల్ల మెరుపు ఎక్కువ. గిన్నె పైకి పెడతావో బోర్లిస్తావో నీ ఇష్టం, వరసంతా ఒకేలా ఉండాలి. అంచున రంధ్రం ఉండే పెద్ద రకం వేలాడుతూ ఊగుతుంది. పల్లూకి బాగుంటుంది, చేతులకి వద్దు, గీరుకుంటుంది. జాకెట్‌కి 3, 4 మిల్లీమీటర్లవి చాలు. 2 మిల్లీమీటర్లవి కళ్ళు తోడేస్తాయి. చమ్కీని ఇంగ్లీషులో సీక్విన్ అంటారు. ఆ మాట వెనిస్ బంగారు నాణెం పేరు నుంచి వచ్చింది, దాని మూలం మనం నాణేనికి వాడే సిక్కా అనే మాటే. అందుకేనేమో చేతిలో డబ్బు నిలవనివ్వదు!

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది చెప్తాను. ఒక పెళ్ళికూతురి జాకెట్ చేశాను. చేతుల మీద నెమళ్ళు, తోక నిండా ఆకుపచ్చ చమ్కీలు. మర్నాడు తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి చూస్తే చేతి మీద మడత. వెనక్కి తిప్పి, పైన గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఆనించాను, అంతే. తిప్పి చూద్దును కదా, తోకంతా నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది. ప్లాస్టిక్ వాసన. అప్పుడైనా పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. మాడినవాటి మీదే కొత్తవి కుట్టి తెల్లారేసరికి పంపేశాను. అడుగున ఉన్న ముక్కలు పాపం ఆ పిల్లని పీటల మీద కూర్చున్నంతసేపూ గుచ్చాయట. పదో రోజున తల్లి వచ్చి, ఒక్క మాటా అనకుండా బాకీ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాను.

కాబట్టి కొత్త ప్యాకెట్ విప్పగానే పది చమ్కీలు వేడినీళ్ళలో వెయ్యి, ఇంకో నాలుగిటిని సబ్బునీళ్ళలో నానబెట్టు, తడి తెల్లగుడ్డతో రుద్దు, ఒకదాని మీద ఇస్త్రీ పెట్టి చూడు. 1930ల్లో జెలటిన్‌తో చేసినవైతే వేడినీళ్ళకి కరిగిపోయేవి, ఇప్పటివి ప్లాస్టిక్ కాబట్టి కరగవు, ముడుచుకుంటాయి. మగ్గం మీద కొక్కెం సూదితో వేసే ఆరీ కుట్టు గొలుసు కుట్టు, చివర ముడి సరిగా పడకపోతే ఒక్క కొస లాగినా వరసంతా ఊడిపోతుంది. ప్రతి కొసకీ వెనక ముడి వెయ్యి, బద్ధకించకు.

రాత్రిళ్ళు బల్బు కింద కుట్టకు తల్లీ. నా కళ్ళద్దాలు ఎంత మందమో చూశావు కదా.

నా పాత చట్రం అటక మీదే ఉంది. ఒక కాలు ఊగుతోంది, పెదనాన్న చేత మేకు కొట్టించి ఉంచుతాను. దసరాకి వచ్చి పట్టుకెళ్ళు.

మీ పెద్దమ్మ