మొక్కుకున్నది మీరు, వినాల్సింది అబ్బాయి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మావాడు ఏడో నెలలోనే పుట్టాడు. ఇరవై రోజులు గాజుపెట్టెలో ఉంచారు. బతికిస్తే నీ సేవకే ఇస్తానని ప్రభువుకు మొక్కుకున్నాను, సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు వాడు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. బైబిల్ కాలేజీ మాటెత్తితే ‘అది నీ మొక్కుబడి, నాది కాదు’ అంటున్నాడు. పశువుల డాక్టరు అవుతాడట. మొన్న పక్కింటివాళ్ళ ఆవు ఈనుతోందని రాత్రంతా కొట్టంలోనే కూర్చుని ఆదివారం ఆరాధనకు రాలేదు. కుటుంబ ప్రార్థనకూ రావడం మానేశాడు. మాట తప్పితే దేవుడు వాణ్ణి ఏం చేస్తాడోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. గాజుపెట్టె ముందు నిలబడిన తల్లి మొక్కును నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో ఆ భయమే పెద్దరికం చేస్తున్నట్టుంది. తనను బతికించిన దేవుడు అప్పు వసూలుకు గుమ్మంలో కూర్చున్న వడ్డీ వ్యాపారిలా కనిపిస్తుంటే, కుర్రాడు ప్రార్థనకు ఎందుకు కూర్చుంటాడు?

బైబిల్లో కొడుకును ఇస్తే నీ సేవకే ఇస్తానని దేవుడికి మొక్కుకున్న సమూయేలు తల్లి హన్నాను తలుచుకునే మీరూ మొక్కుకుని ఉంటారు. ఆ కథ ఇంకాస్త ముందుకు చదవండి. మందిరంలో పెరుగుతున్న సమూయేలుకు దేవుడి పిలుపు వచ్చిన రాత్రి హన్నా అక్కడ లేదు. పిల్లవాడు మూడుసార్లు లేచి, తనను పెంచుతున్న యాజకుడు ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. ఏలీకి చూపు మందగించిందే గానీ విషయం తెలిసింది. వెళ్ళి పడుకో, మళ్ళీ పిలిస్తే వింటున్నానని చెప్పు అన్నాడు. వాడి బదులు తాను పలకలేదు. అదే ఏలీ సొంత కొడుకులు పుట్టుకతోనే యాజకులు, బలి మాంసం దగ్గర కూడా దౌర్జన్యం చేశారు. తర్వాత సమూయేలు తన కొడుకులను న్యాయాధిపతులుగా పెడితే వాళ్ళు లంచాలు తిన్నారు. ఇదంతా ఒక్క గ్రంథంలోనే ఉంది. మనం సండే స్కూల్లో చిన్న సమూయేలు బొమ్మకు రంగులేసి అక్కడితో ఆపేస్తాం.

ఒంట్లో బాగాలేకపోతే మన చిత్తూరు వాళ్ళం వేలూరు పరిగెత్తుతాం కదా. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ తాతా తండ్రీ ఇద్దరూ మిషనరీ డాక్టర్లే. ఆమె మాత్రం ఆ పని వద్దనుకుంది. తల్లికి జబ్బు చేసిందని వచ్చి తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి మూడు ఇళ్ళ నుంచి కాన్పు కష్టమైందని పిలుపొచ్చింది. మగ డాక్టరు మాకొద్దని ఆ ఇళ్ళవాళ్ళు అన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. అప్పుడు వెళ్ళి వైద్యం చదివి 1900లో తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్ళ నోటి మాటకు కదలని మనిషిని కదిలించింది ఆ మూడు ఇళ్ళు.

ఇక మీ ఉత్తరంలో ఫిర్యాదులా రాసేసిన ఆవు సంగతి. నేను అక్కడే రెండుసార్లు ఆగాను. పదిహేడేళ్ళ కుర్రాడు ఫోన్ పక్కన పడేసి, పేడలో, దోమల్లో, తనది కాని ఆవు కోసం తెల్లవార్లూ మేలుకున్నాడు. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది బెసలేలు అనే పనివాడి గురించి. బంగారం, వెండి, రాయి, కర్ర అతని పని. పాలమీదే బతికే ఇళ్ళు ఇన్ని ఉన్న మన జిల్లాలో పశువైద్యం సేవ కాదని ఎవరంటారు? చదవాలంటే తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది.

అలాగని ఇప్పుడు ‘పశువైద్యమే దేవుని చిత్తం’ అని మీరు మళ్ళీ సాక్ష్యం చెప్పకండి! రేపు సీటు రాకపోతే ఆ మాట కూడా వాడి నెత్తినే పడుతుంది. మా చిన్నదాన్ని సంఘంలో వాయించాలని మూడేళ్ళు కీబోర్డు క్లాసుకు తోలాను. ఇప్పుడా కీబోర్డు అటక మీద ఉంది. కాబట్టి ఈ మాట పైనుంచి చెబుతున్నది కాదు.

మొక్కు మాటకొస్తే, మీరు ఇవ్వగలిగింది మీ చేతిలో ఉన్నదే. వాక్యం చెప్పి పెంచారు, ప్రార్థన నేర్పారు. అంతవరకు మీ మాట మీరు నిలబెట్టుకున్నారు. వాడి జవాబు వాడిది. హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది, నిరుటి కొలత ఈ ఏడు సరిపోదు గనుక. మీరు గాజుపెట్టె నాటి కొలతతోనే కుడుతున్నారు.

పాస్టరుగారితో మీవారిని కూడా తీసుకెళ్ళి మీరే మాట్లాడండి. ‘మొక్కుకున్నది నేను అయ్యగారూ, వాణ్ణి అడగొద్దు, వాడి కోసం ప్రార్థన చేయండి’ అంటే చాలు. సంఘంలో నలుగురూ నాలుగు మాటలు అంటారు. అవి మీ దగ్గరే ఆగాలి.

అబ్బాయితో మాత్రం ఈ వారం బైబిల్ కాలేజీ ఊసు, నీట్ ఊసు రెండూ ఎత్తొద్దు. ‘నా భయంతో నీమీద బరువు పెట్టాను నాన్నా’ అని ఒక్కసారి చెప్పండి. ఏడవకుండా చెప్పగలిగితే మంచిది, లేకపోతే ఏడుస్తూనే చెప్పండి. తర్వాత ఏదో ఒక సాయంత్రం పక్కింటి కొట్టానికి వాడితో పాటు వెళ్ళండి. దూడ ఎలా ఉందో, ఆ రాత్రి ఏం జరిగిందో అడగండి. వాడు చెబుతుంటే మధ్యలో వాక్యం ఎత్తకండి.